ఆడగొంతు చరణం

1999 జనవరి 11, సోమవారం

డాక్టరుగారు ఒక నోట్‌బుక్ పెట్టమన్నారు. మా ఆయన రోజూ ఏ మాట అన్నారో, ఎన్నిసార్లు అన్నారో రాయాలట. స్కూల్ ఆఫీసులో వాడకుండా మిగిలిన కిందటేడాది డైరీ తెచ్చుకున్నాను. వారాలు కలవవు. కొట్టేసి రాసుకుంటాను.

మాటలు: తా.

నీళ్ళకీ తా. బాత్రూముకీ తా. ఫ్యాన్ ఆపమన్నా తా.

దీపావళి మర్నాడు పొద్దున్న ఎ షిఫ్ట్‌కి తయారవుతూ పడిపోయారు. ఒక బూటు కాలికుంది, రెండోది చేతిలో ఉంది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట పోయాయి. వైజాగ్ తీసుకెళ్ళాం. నెలన్నర ఉంచి, ఇక ఇంట్లోనే చూసుకోమన్నారు. కిరందుల్ తీసుకొచ్చేశాను.

ముప్పై ఏళ్ళకి పైగా కొండెక్కి దిగిన మనిషి. ఇక్కడ ఇనుప ఖనిజం గనికి వెళ్తున్నామని ఎవరూ అనరు, కొండకి వెళ్తున్నామంటారు. ఆయన మంచం దగ్గర కిటికీలోంచి ఆ కొండ కనిపిస్తుంది.

జనవరి 19

తా. ముప్పై ఒకటి దాకా లెక్కపెట్టాను. తర్వాత వదిలేశాను.

జనవరి 27, బుధవారం

స్కూల్లో మార్కుల లిస్టులు టైప్ చేశాను. నలభై ఆరు పేర్లు, ఆరు సబ్జెక్టులు. ఒక్క తప్పు రాలేదు. హెడ్‌మాస్టరుగారు ఆశ్చర్యపోయారు. ఇలాంటి టైములో ఎలా చేస్తున్నావమ్మా అన్నారు. ఎలాంటి టైములో అని అడగబోయాను.

చూడ్డానికి వచ్చిన ఆడవాళ్ళు వంటింట్లోకి వచ్చి నా చెయ్యి పట్టుకుంటారు. లోపల దాచుకోకు గంగారత్నం, ఏడిస్తే తేలికవుతుంది అంటారు. వాళ్ళకి టీ ఇస్తాను. లోపల దాచినదేమీ లేదు. వెతికి చూశాను.

సాయంత్రం ఆయనకి గడ్డం గీశాను. చెంప మీద కొంచెం తెగింది. నా వైపు చూసి తా అన్నారు.

ఫిబ్రవరి 6, శనివారం

బాబు పాట పాడారని ఆయతి అంది.

ఆయతిది కొండ కింద పల్లె. పొద్దున్నే నడిచి వస్తుంది. ఆయన్ని బాబు అంటుంది. ఆయన్ని లేపి కుర్చీలో కూర్చోబెట్టడానికి ఇద్దరం కావాలి. నేను స్కూల్‌కి వెళ్ళాక దగ్గరుండేది తనే. ఇంట్లో గోండీ, బాజార్లో హల్బీ, నాతో హిందీ మాట్లాడుతుంది. నా హిందీ, ఆయతి హిందీ ఒకలాగే ఉంటాయి, ఇద్దరిదీ తప్పే.

తా తా అన్నదే నీకు పాటలా వినిపించి ఉంటుందన్నాను. తల అడ్డంగా ఊపింది. తనకి తెలుగు రాదు గానీ ఏది పాటో ఏది కాదో తెలుసంది.

ఫిబ్రవరి 7, ఆదివారం. పదకొండు గంటలు

పాడారు. నేనే విన్నాను.

మా వెనక క్వార్టర్ నూకరాజు గారిది. బ్లాస్టింగ్‌లో పని, వచ్చే ఏడాది రిటైర్మెంట్. ఆదివారాలు టేప్‌రికార్డర్ కిటికీలో పెట్టి పాత పాటలు వేస్తారు. ఇవాళ ఏదో బ్లాక్ అండ్ వైట్ సినిమాలో యుగళగీతం వస్తోంది. నేను బియ్యం ఏరుతున్నాను. గదిలోంచి గొంతు వచ్చింది.

దీపం తగ్గించకు, దారిలో ఉన్నాను.

అక్షరం తడబడలేదు. పల్లవి అయ్యింది, చరణం మొదలైంది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడే తీసుకుంటున్నారు. వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. మూతి ఇంకా ఒక పక్కకి వంకరగానే ఉంది. ఆ వంకర మూతిలోంచి గొంతు తిన్నగా వస్తోంది.

పాట అయ్యాక నీళ్ళు కావాలా అని అడిగాను. తా అన్నారు.

మాటలు: తా. పాటలో మాటలు: అరవై ఉంటాయేమో.

వెళ్ళి మిగతా బియ్యం ఏరాను.

ఫిబ్రవరి 9

డాక్టరుగారు చిన్నవాడు, రాయ్‌పూర్ వైపు నుంచి వచ్చాడు. నేను చెప్పింది విని సంతోషపడ్డాడు. మాట తలలో ఒక వైపు ఉంటుందట, పాట ఇంకో వైపు. మాట ఇల్లు కూలిపోయినా పాట ఇల్లు నిలబడొచ్చట. అందరికీ కాదు, కొందరికి. పాటలు బాగా వినిపించండి, పాడించండి, తర్వాత అదే వరసలో నీళ్ళు, అన్నం లాంటి మాటలు పెట్టి అనిపించండి అన్నాడు.

మీ వారికి ఇష్టమైన పాటలేవి అని అడిగాడు.

ఇరవయ్యేడేళ్ళ కాపురం. పాతవి అన్నాను.

ఫిబ్రవరి 14, ఆదివారం

రాయకుండా ఉండాల్సిన విషయమే. ఎవరు చదువుతారని.

నాకు ఈ పాటలంటే పడదు. వెన్నెల, పడవ, దీపం. ఒకరు ఎదురుచూస్తారు, ఒకరు ఆలస్యం చేస్తారు. ఉల్లిపాయలు అయిపోయాయని ఏ పాటలోనూ ఎవరూ చెప్పుకోరు. చిన్నప్పుడు భీమిలిలో మా అమ్మ చేపలు కడుగుతూ రేడియో పెద్దది చేయించేది. పాట వస్తుంటే కళ్ళు తుడుచుకునేది, చేతులు నీచు కాబట్టి భుజంతో. మా నాన్న పది అడుగుల దూరంలో పేపర్ చదువుకుంటూ ఉండేవాడు. ఆ ఇద్దరూ మాట్లాడుకోగా నేను వినలేదు. అమ్మ ఎవరి కోసం ఏడ్చేదో నాకు తెలియదు. నాన్న కోసం మాత్రం కాదు. ఆ ఏడుపు చూసి నాకు చిరాకు. ఇంట్లో దొరకనిది రేడియోలో ఎందుకు వెతుక్కోవాలి అనుకునేదాన్ని.

ఆయనా ఇంట్లో ఎప్పుడూ పాడలేదు. పెళ్ళికి ముందు బచేలీ తెలుగు సంఘం స్టేజీ మీద పాడేవారని ఎవరో చెప్పగా విన్నాను. మగపిల్లలు కబడ్డీ ఆడి మానేసినట్టు ఇదీ మానేశారనుకున్నాను. ఆయన మంచివారు. తాగరు. చెయ్యెత్తలేదు. పేరుపెట్టి పిలవలేదు. ఏదైనా కావలసి వస్తే ఇదిగో అనేవారు, నేను వెళ్ళేదాన్ని.

నూకరాజు గారు ఇరవై క్యాసెట్లు సంచిలో వేసి ఇచ్చారు.

ఫిబ్రవరి 24

ఆడగొంతు వచ్చే చోట ఆగుతున్నారు. టేపు లేకుండా పాడినా ఆగుతున్నారు. సరిగ్గా ఆ చరణం పట్టేంతసేపు ఊరుకుని, తర్వాత తన వంతు అందుకుంటున్నారు.

మార్చి 5, శుక్రవారం

సాయంత్రాలు జనం వస్తున్నారు. మొదట నూకరాజు గారు ఒక్కరే. తర్వాత మా ఆయనతో పనిచేసిన షావెల్ వాళ్ళు, కన్వేయర్ వాళ్ళు. డ్యూటీ దిగి ఎర్రదుమ్ము కడుక్కుని వచ్చి, వరండాలో చాప మీద కూర్చుంటారు. ఆయన కుర్చీ గుమ్మంలో వేస్తాం. టేపు పెడతాం. పాడతారు. నాలుగైదు పాటలు మాత్రమే పూర్తిగా వస్తాయి. ఎక్కువగా దీపం పాటే.

ఇవాళ ఎలక్ట్రీషియన్ భూషణం భార్యని తీసుకొచ్చాడు. వాళ్ళిద్దరికీ మాటల్లేవని కాలనీ అంతటికీ తెలుసు. ఒకే మెట్టు మీద కూర్చున్నారు. పాట మధ్యలో భూషణం ముక్కు చీదుకున్నాడు. వాళ్ళావిడ చూడకుండానే కొంగు అతని వైపు జరిపింది. పాట అయ్యాక లేచి, ఎప్పటిలాగే ముందొకరూ వెనకొకరూ నడిచి వెళ్ళిపోయారు.

పక్క క్వార్టర్లో దుర్గ్ నుంచి వచ్చిన ఆవిడకి తెలుగు ఒక్క ముక్క రాదు. ఆవిడా ఏడ్చింది. మా వైపూ ఇలాంటి పాట ఉంది, అందులోనూ ఎవరో రారు అంది.

నేను అందరి మొహాలూ చూశాను. అందరికీ ఏదో అవుతోంది. కప్పులు లెక్క చూసుకుని లోపలికి తెచ్చుకున్నాను.

మార్చి 18. ఉగాది

నూకరాజు గారికి పచ్చడి ఇవ్వడానికి వెళ్ళి, గుమ్మంలోనే అడిగాను. ఆ పాట మా ఆయన ఎవరితో పాడేవారని.

నూకరాజు గారు ఆ రోజుల్లో ఢోలక్ వాయించేవారు. ముందు తెలియదన్నారు. తర్వాత గుర్తులేదన్నారు. అవి రెండూ వేరు కదా అన్నాను. కూర్చోమన్నారు.

అప్పలకొండమ్మ. అందరూ కొండ అనేవారట. బచేలీ రైల్వే క్వార్టర్స్‌లో పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మేట్ కూతురు, కొత్తవలస వైపు వాళ్ళు. అరవై తొమ్మిది, డెబ్బై, డెబ్బై ఒకటి, మూడు ఉగాదులు ఇద్దరూ కలిసి స్టేజీ మీద పాడారు. ఆఖరి పాట ఎప్పుడూ అదే. వన్స్‌మోర్ అడిగేవారు. డెబ్బై రెండులో మా అత్తగారు ఈయన్ని ఊరు పిలిపించి నాతో పెళ్ళి చేశారు. ఆ తర్వాత ఈయన స్టేజీ ఎక్కలేదు.

నూకరాజు గారు నేల చూస్తూ అన్నారు, "వదినా, తప్పేటీ జరగలేదు. పాటలు పాడుకున్నారు. అంతే."

జరిగిందో లేదో నేను అడగలేదు. ఆవిడ ఇప్పుడెక్కడుందని అడిగాను. బచేలీలోనే అన్నారు.

పన్నెండు కిలోమీటర్లు.

ఇంటికొచ్చి పప్పు పొయ్యి మీద పెట్టాను. ఉప్పు వేశానో లేదో గుర్తు రాలేదు. రుచి చూశాను. వేశాను.

ఏప్రిల్ 3, శనివారం

ఆయతి రావడం లేదు. ఇప్పపూల కాలం, పల్లె అంతా అడవిలోనే ఉంటుంది. ఇంట్లో ఇద్దరమే.

ఆడగొంతు చరణం నేను పాడి చూశాను. మాటలు టేపు విని కాగితం మీద రాసుకున్నాను. చమురుంది ఇంకా, చూపుంది ఇంకా. నాకు గొంతు లేదు, స్కూల్లో ప్రార్థనప్పుడే పెదాలు ఆడించమనేవారు. అయినా పాడాను.

ఆయన నా వైపు చూశారు. స్టాండులో మనిషి దూరం నుంచి బస్సు చూసి, బోర్డు చదివి, ఇది కాదులే అని మళ్ళీ రోడ్డు వైపు చూస్తాడే, అలా.

ఏప్రిల్ 7

సగం రోజు సెలవు పెట్టి, నూకరాజు గారిని ఆయన దగ్గర కూర్చోబెట్టి బచేలీ వెళ్ళాను.

ఆవిడ స్టేషన్లో వెయిటింగ్ రూమ్ ఆయా. భర్త రైలు లైన్ మీద కీమేన్‌గా చేస్తూ చనిపోయాడు, ఆ ఉద్యోగం బదులు ఇది ఇచ్చారు. చీపురుతో ఖనిజం దుమ్ము ఊడుస్తోంది. ఊడ్చినకొద్దీ వస్తుంది అది. పొట్టి మనిషి, నల్లగా, మెడలో చిన్న సిలువ. అందగత్తె అయి ఉంటుందని దారంతా అనుకున్నాను. కాదు. మామూలు మనిషి. అది ఎందుకో ఇంకా బరువుగా అనిపించింది. అనిపించిందని రాశాను, చూసుకున్నాను. సరే, ఉండనీ.

ఎవరి తాలూకో చెప్పాను. చీపురు గోడకి ఆనించింది. ఆయనకి ఇలా అయిందని కిందటేడే విన్నానంది. నేను వచ్చిన పని చెప్పాను. ఆవిడ పట్టాల వైపు చూస్తూ చెప్పింది. పెళ్ళయ్యాక చర్చిలో బాప్తిస్మం తీసుకుందట, దేవుడి పాటలు తప్ప వేరేవి పాడనని ఒట్టు పెట్టుకుందట. ఇరవై నాలుగేళ్ళయిందట.

అలాగైతే వద్దులెండి అన్నాను. నిజంగానే అన్నాను. బస్సు టైము చూసుకున్నాను.

నేను మెట్లు దిగుతుంటే వెనక నుంచి అడిగింది, "ఆడగొంతు కాడ ఎంతసేపు ఆగుతన్నారు?"

పూర్తిగా అన్నాను.

ఏప్రిల్ 11, ఆదివారం

ప్రార్థన అయ్యాక పన్నెండు గంటల బస్సుకి వచ్చింది. చేతిలో బిస్కెట్ ప్యాకెట్. గుమ్మం బయటే చెప్పులు విడిచి, లోపలికి రానా వద్దా అన్నట్టు నిలబడింది. రమ్మన్నాను.

ఆయన గుర్తుపట్టారో లేదో తెలియలేదు. ముఖంలో కుడివైపు ఏదీ కదలదు. ఎడమవైపు కూడా కదల్లేదు. ఆవిడ నేల మీద కూర్చుంది, కుర్చీ వేసినా కూర్చోలేదు. నేను టేపు పెట్టబోతే వద్దంది.

ఆయనే మొదలుపెట్టారు. పల్లవి అయింది. ఆగారు.

ఆవిడ అందుకుంది. గొంతు బాగా పాతబడింది. పైకి వెళ్ళలేక ఒక మెట్టు దించి పాడింది. చమురుంది ఇంకా, చూపుంది ఇంకా, నడిచేది నువ్వైతే రాత్రెంత ఇంకా. ఆయన రెండో చరణం అదే కింది మెట్టులో అందుకున్నారు. ఎవరూ చెప్పలేదు. తనే దించుకున్నారు.

నేను గుమ్మంలో ఉన్నాను. పాలు పొంగిన వాసన వచ్చింది. వెళ్ళి స్టవ్ కట్టేసి, తుడిచి వచ్చేసరికి పాట అయిపోయింది. ఇద్దరూ రెండు వేర్వేరు గోడల వైపు చూస్తున్నారు.

ఆయన ఎడమ కంట్లోంచి నీళ్ళు. డాక్టరుగారు చెప్పారు, ఈ జబ్బులో కన్ను ఊరికే కారుతుందట.

ఏప్రిల్ 12

ఆఫీసు. రెండు సర్క్యులర్లు, ఒక ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్.

ఏప్రిల్ 25, ఆదివారం

మూడో వారం రావడం. ఈసారి వంటింట్లో కూర్చుని నాతో పాటు చిక్కుడుకాయలు ఈనెలు తీసింది.

ఆవిడని ఏమని పిలవాలో తెలియక ఇన్నాళ్ళూ ఏమీ పిలవలేదు. నాకంటే పెద్దది. అక్కా అంటే ఒక అర్థం వస్తుంది. అది వినపడకుండా అనలేను. నా అవస్థ కనిపెట్టినట్టుంది. తల ఎత్తకుండానే అంది, "వదినా అని పిలు. ఆయన నాకు అన్న వరసైపోతాడు. ఎవురికీ బాధుండదు."

అలాగే అన్నాను.

అడగాల్సింది అప్పుడే అడిగాను. మీ ఇద్దరి మధ్యా ఏముండేది వదినా.

చిక్కుడుకాయలన్నీ అయ్యాక చెప్పింది. ఆయన ఎప్పుడూ చెయ్యి పట్టుకోలేదట. స్టేజీ దిగితే తలొంచుకుని వెళ్ళిపోయేవారట, రిహార్సల్‌లో కూడా ఢోలక్ వైపే చూసేవారట. ఒక ఉత్తరం లేదు, ఒక మాట లేదు. మైకు ముందు నిలబడితే మాత్రం నాలుగొందల మంది వింటుండగా దీపం తగ్గించకు అని తనకే చెప్పేవారట. తనూ మైకులోనే జవాబు చెప్పేదట.

"ఆ మాటలు మావి కావమ్మా. ఎవురో రాసీసినవి. మావి కావు కాబట్టే బయం లేకుండా అనగలిగినాం. మా మాటల్తో అయితే ఒక్కటీ అనీవోళ్ళం కాదు. అన్నీ పాటలోనే సెప్పీసుకున్నాం. బయట సెప్పుకోడానికి ఏటీ మిగల్లేదు."

పెళ్ళవుతోందని కూడా ఆయన చెప్పలేదట. ఆ ఏడు ఉగాదికి పక్కన వేరే మనిషి నిలబడితే తెలిసిందట. ఆ వేరే మనిషితో అదే పాట పాడిందట. ఆ తర్వాత ఏడు ఇంకొకరితో. పాట బాగానే వచ్చేదట. అదే విచిత్రం అంది.

చిక్కుడుకాయ కూర చేశాను. ముగ్గురం తిన్నాం. ఆయనకి నేను పెట్టాను.

మే 9

వారానికి ఒక్క రోజు చాలదు. రోజూ ఆ ఖాళీ నింపేవాళ్ళు కావాలి. ఆవిడే అంది, నీకు నేర్పుతానని.

నాకు రాదు అన్నాను. పాడొద్దు, మాటలుగా చెప్పు, తాళంలో పడితే చాలు అంది. నా తొడ మీద తన చేత్తో తాళం వేసింది. చమురుంది ఇంకా. ఒకటి, రెండు. చూపుంది ఇంకా. ఒకటి, రెండు. టైప్ క్లాసులో మొదటి రోజు ఇలాగే నేర్పారు.

మే 13, గురువారం

ఆయన ఆగారు. నేను చెప్పాను, సర్క్యులర్ చదివినట్టు. ఆయన గుమ్మం వైపు చూశారు. ఎవరూ లేరు. మళ్ళీ నా వైపు చూశారు.

అందుకున్నారు.

మే 30

మాటలు: నీళ్ళు (పాట వరసలో, రెండుసార్లు). అన్నం (ఒకసారి). తా (చాలా).

జూన్ 20, ఆదివారం

వానలు మొదలయ్యాయి. బస్సు ఆలస్యంగా వచ్చింది. వదిన తడిసిపోయింది, నా చీర ఇచ్చాను. చర్చి పెద్దలకి తెలిసిందట, సినిమా పాటలు పాడుతోందని. ఏమన్నారని అడిగాను. రోగి కోసమైతే పరవాలేదు, రోగికి మాత్రమే పాడు అన్నారట. నవ్వింది. నువ్వు వినకూడదేమో మరి, చెవులు మూసుకో అంది.

నా చీర ఆవిడకి పొడుగైంది. మడిచి కట్టుకుంది. ఆయన ఆ చీర వైపు చాలాసేపు చూశారు. ఎవరు ఎవరో తేల్చుకోలేనట్టు.

జులై 16

ఈ నెల రాయడానికి పెద్దగా ఏమీ లేదు. బాగుంది అనే మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

పొద్దున్న ఆయన పల్లవి ఎత్తుకుంటారు. నేను బీన్స్ తరుగుతూనో, జడ వేసుకుంటూనో నా చరణం చెబుతాను. ఆయన అందుకుంటారు. ఆయతి గిన్నెలు తోముతూ తాళం వేస్తుంది. నాకు ఇప్పటికీ ఆ పాట గొప్పదనిపించదు. చమురు, చూపు, ఇంకా, ఇంకా. కానీ ఇవాళ ఒకటి లెక్కవేశాను. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆయన నాతో ఇంత పొడుగు వాక్యం ఎప్పుడూ మాట్లాడలేదు. నేనూ ఆయనతో మాట్లాడలేదు. నా మాటలు కావు, ఆయనవీ కావు. అయినా రోజుకి రెండుసార్లు, ఈ ఇంట్లో ఒకరు వస్తున్నానంటారు, ఒకరు ఉన్నానంటారు.

మా అమ్మ గుర్తొచ్చింది. భుజంతో కళ్ళు తుడుచుకుంటూ. ఎవరి కోసమూ కాకపోవచ్చు. ఎవరో ఒకరు అలా అడిగితే బాగుండునని అయి ఉండొచ్చు.

ఆగస్టు 9, సోమవారం

సాయంత్రం ఆరు గంటలకి ఆయనకి పక్షవాతం మళ్ళీ వచ్చింది. అన్నం తినిపిస్తుంటే చెంచా దగ్గర నోరు అలాగే ఉండిపోయింది. అంబులెన్స్ వచ్చింది. నూకరాజు గారూ నేనూ వెళ్ళాం.

ఆగస్టు 10

ఐసీయూ. బయట బెంచీ.

ఆగస్టు 19, గురువారం

ఇంటికి తెచ్చాం. ఈసారి ఎడమ చెయ్యి కూడా మందగించింది. మింగడం నెమ్మది.

సాయంత్రం టేపు పెట్టాను. దీపం పాట. పల్లవి వచ్చింది, వెళ్ళిపోయింది. ఆయన ఫ్యాన్ చప్పుడు విన్నట్టు విన్నారు. ఆడగొంతు చరణం నేను చెప్పాను. ఒక్కదాన్నే చెప్పాను, చివరిదాకా.

డాక్టరుగారు ముందే చెప్పారు. పాట ఇల్లు కూడా పడిపోయి ఉంటుందన్నారు. ఆయన ఉపమానం ఆయనకి బాగా గుర్తుంది.

వరండాలో నలుగురు వచ్చి కూర్చున్నారు. ఇవాళ్టికి లేదని చెప్పాను. భూషణం వాళ్ళావిడ కప్పులు కడిగి పెట్టి వెళ్ళింది.

ఆగస్టు 20

పొద్దున్న తొమ్మిదింటికి, కిటికీ వైపు తల తిప్పి ఉన్నారు. ఒక మాట అన్నారు. పాటలో కాదు, మామూలుగా, స్పష్టంగా.

కొండ.

పది నెలల్లో మొదటి మాట. రాసుకోవాలి కాబట్టి రాస్తున్నాను.

కిటికీలో కొండ ఉంది. వాన వెలిసి, తవ్విన మేర ఎర్రగా, మిగతాది పచ్చగా. ముప్పై ఏళ్ళ డ్యూటీ. అదే అయి ఉంటుంది.

అదే అయి ఉంటుందని ఎవరికి చెబుతున్నానో.

ఆగస్టు 22, ఆదివారం

వదిన వచ్చింది. పాట పోయిందని చెప్పాను. మంచం పక్కన నేల మీద కూర్చుని చీరంచు మెలిపెడుతూ ఉంది.

ఆయన అన్నారు. కొండ.

ఆవిడ మొహం నేను చూశాను. చూడకుండా ఉండాల్సింది. ఇరవయ్యేళ్ళ పిల్ల మొహం అయిపోయి, వెంటనే మళ్ళీ ఆవిడ మొహం అయింది. లేచి కిటికీ తలుపు పూర్తిగా తెరిచింది.

"కొండ సూస్తన్నారమ్మా. ఎంత పని సేసినారు దాని మీద. అదే ద్యాస."

మిమ్మల్నే వదినా అన్నాను.

"కాదు. ఆ కొండే."

మిమ్మల్నే అన్నాను మళ్ళీ. నా గొంతు మామూలుగానే ఉంది. ఆవిడ కిటికీ పట్టుకుని అటు తిరిగే నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఏం చెయ్యాలో తెలియక, ఆవిడ నాకు నేర్పినప్పుడు వేసిన తాళం, వీపు మీద నెమ్మదిగా వేశాను. ఒకటి, రెండు.

సాయంత్రం బస్సు ఎక్కించాను. వచ్చే ఆదివారం కూడా రావాలని చెప్పాను. పాట లేదు కదా, దేనికి అంది. చిక్కుడుకాయలున్నాయి అన్నాను.

ఆగస్టు 28

మాటలు: కొండ. పొద్దున్న నుంచి పంతొమ్మిది.

నీళ్ళకీ కొండ. దుప్పటికీ కొండ. నూకరాజు గారు వస్తే కొండ. ఆయతిని కొండ అన్నారు, ఆయతి నవ్వి తన పేరు చెప్పింది, మళ్ళీ కొండ అన్నారు. తా పూర్తిగా పోయింది.

డాక్టరుగారికి చూపించాను. మిగిలిన ఒక్క మాటతో అన్నీ అంటారట, దానికి అర్థం ఉండక్కర్లేదట. అలా చెబుతూ నా వైపు జాలిగా చూశాడు. ఆ పేరు సంగతి ఆయనకి ఎవరు చెప్పి ఉంటారు.

సెప్టెంబర్ 2. సాయంత్రం

వంటింట్లో ఉన్నాను. గదిలోంచి పిలిచారు. కొండా, అని.

పలికాను.